కొండవాలు పెరట్లో స్విమ్మింగ్ పూల్: పలుగు దించే ముందు ఒక వానాకాలం ఆగండి

విశాఖలో ఇల్లు కట్టుకున్నామంటే చాలామందికి ఏదో ఒక కొండకి వీపు ఆనించి కట్టుకోవడమే. మధురవాడ, ఎండాడ, అడవివరం, ఎటు వెళ్లినా పెరడు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది. ఆ పైన నాలుగు జీడిమామిడి చెట్లు, సీతాఫలం పొదలు, ఎప్పుడో ఎవరో నాటిన నీలగిరి. మాదీ అలాంటి పెరడే. అందులో పూల్ కట్టాం. మొదట తప్పుగా కట్టి, తర్వాత సగం పగలగొట్టి సరిచేసుకున్నాం. ఆ రెండో ఖర్చు మీకు తగలకూడదనే ఇది రాస్తున్నాను.

చదును నేల మీద పూల్ కట్టేవాళ్లకి లోపలి నీళ్లు బయటికి పోకుండా చూసుకోవడమే పెద్ద పని. వాలు మీద అలా కాదు. పైనుంచి దిగే వాన, మట్టిలో ఊరే ఊట, గోడ వెనక చేరే తడి, అంటే బయటి నీళ్లతోనే అసలు పేచీ. అందుకే చదును స్థలంలో కట్టిన మీ బంధువుల ఖర్చు లెక్క మీకు పనికిరాదు.

లెక్కలు తేలిగ్గా ఉండాలని 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు ఉన్న పూల్ అనుకుందాం. ఇందులో దాదాపు 42,000 లీటర్లు, అంటే 42 టన్నుల నీళ్లు పడతాయి. ఇంట్లో వాళ్లు ఈదడానికి ఇది చాలు. ఇంతకన్నా లోతు అడిగే పిల్లల మాట వినకండి.

వాన పడుతుండగా పెరట్లో నిలబడండి

తొందర ఉంటే ఉండనివ్వండి, ఒక్క వానాకాలం మాత్రం చూడండి. మనకి జూన్ నుంచి వానలు ఉన్నా, అసలు పరీక్ష అక్టోబరులో. అల్పపీడనం పట్టిన రోజు గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్లి, నీళ్లు ఎక్కడ చేరుతున్నాయి, ఎక్కడ ఎర్రగా పారుతున్నాయి, ఏ మూల మట్టి కోసుకుపోతోంది, అన్నీ ఫోన్లో వీడియో తీసుకోండి. వాన ఆగిన రెండో రోజు, ఐదో రోజు మళ్లీ చూడండి. అప్పటికీ ఎక్కడైనా కాలు పెడితే చిత్తడిగా ఉంటే అక్కడ లోపల ఊట ఉందన్నమాట. పూల్‌కి ఆ చోటు వద్దు.

ఇంకో పని చేయండి. ఆ వీధిలో పాతకాపు ఎవరైనా ఉంటే అడగండి. మా దగ్గర ఒక పెద్దాయన "ఆ మూల గెడ్డ పారేది బాబూ, ప్లాట్లు వేసినప్పుడు పూడ్చేశారు" అన్నారు. గెడ్డ అంటే చిన్న వాగు. అప్పటిదాకా మా ప్లాన్‌లో పూల్ సరిగ్గా ఆ మూలే ఉంది. పూడ్చిన గెడ్డ మీద ఏం కట్టినా, పెద్ద వానకి నీళ్లు ఆ దారినే వెతుక్కుంటాయి.

కాగితాల పని

దీన్ని క్లుప్తంగా చెప్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్లు ఆపేసిన భూముల జాబితాలో ఉందేమో చూసుకోండి. దేవస్థానం భూముల వివాదంలో పడ్డ సింహాచలం పంచగ్రామాల పరిధిలో ఉంటే ఈ పని మరీ ముందు చేయాలి. కంబాలకొండ అభయారణ్యం వైపు గానీ, రిజర్వు ఫారెస్టు పక్కన గానీ స్థలం ఉంటే హద్దురాళ్లు ఎక్కడున్నాయో అటవీ శాఖ వాళ్లతో చూపించుకోండి. చెట్టు కొట్టాలన్నా, బోరు వేయాలన్నా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద ముందే అనుమతి ఉండాలి. పూల్‌ని, కొండ మట్టిని ఆపే రిటైనింగ్ గోడని కూడా ప్లాన్‌లో చూపించి నగర పాలక సంస్థ (జీవీఎంసీ) టౌన్ ప్లానింగ్‌లో అడగండి. "పెరట్లోదే కదా, ఎవరు చూస్తారు" అనే మాట కాంట్రాక్టరు అంటాడు. నోటీసు మాత్రం మీ పేరు మీద వస్తుంది.

వాలు కొలవడం, చోటు పెట్టడం

తాపీమేస్త్రి దగ్గర ఉండే లెవెల్ ట్యూబ్ చాలు. పైన ఒక గుంజ, అడ్డంగా 10 మీటర్ల దూరంలో కింద ఒక గుంజ పాతి, ట్యూబ్‌లో నీళ్లు ఆగిన చోట రెండింటి మీదా గుర్తు పెట్టండి. గుర్తు నుంచి నేల దాకా రెండు చోట్లా కొలిచి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే వాలు తేలుతుంది. 10 మీటర్లకి 2 మీటర్లు దిగితే ఫరవాలేదు, జాగ్రత్తగా కట్టొచ్చు. 3 మీటర్లు దాటితే నా మాట మీద ఒక్క అడుగు కూడా వేయకండి. మట్టి పరీక్ష చేసే జియోటెక్నికల్ ఇంజనీరుని పిలవండి. ఆయన వద్దంటే వద్దు.

పూల్ పొడవు ఎప్పుడూ వాలుకి అడ్డంగా ఉండాలి. మెట్ట పొలంలో గట్లు వేసినట్టు. పైన చెప్పిన 10కి 2 వాలులో, పొడవుని అడ్డంగా పెడితే 4 మీటర్ల వెడల్పులో నేల 80 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. అదే పొడవుని కిందికి చూసేట్టు పెడితే 1.6 మీటర్లు దిగుతుంది. తవ్వకం, గోడ ఎత్తు, ఖర్చు, టెన్షన్ అన్నీ దాంతోపాటే పెరుగుతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. పూల్ అడుగు మొత్తం తవ్విన గట్టినేల మీదే కూర్చోవాలి. సగం తవ్విన నేల, సగం పోసిన మట్టి, ఇలా మాత్రం వద్దు. పోసిన మట్టి ఎంత దిమ్మిస చేసినా కొన్నేళ్లు దిగుతూనే ఉంటుంది, తవ్విన నేల దిగదు. రెండూ కలిసే గీత మీద పూల్ పగులుతుంది. కాబట్టి పూల్‌ని కొండలోకి నెట్టండి. కింది వైపు గోడ అరమీటరు దాకా నేలపైకి కనిపించినా బాధ లేదు, అడుగు మాత్రం పోత మట్టి మీదకి రాకూడదు. ఇంకో విషయం. తడి మట్టి నీళ్లకన్నా దాదాపు రెట్టింపు బరువు ఉంటుంది. అందుకే పూర్తిగా తవ్విన గోతిలో పూల్ కడితే కింది నేల మీద భారం నిజానికి తగ్గుతుంది. పోత మట్టి మీద కడితే భారం కొత్తగా మోపినట్టు.

సముద్రం కనిపించే ప్లాటైతే అంచు మీంచి నీళ్లు జారే ఇన్ఫినిటీ పూల్ అడగాలనిపిస్తుంది. దానికి కింద ఇంకో తొట్టి కావాలి, పెద్ద పంపు కావాలి. పైగా మన గాలికి ఆ పల్చటి నీటి పొర ఆవిరైపోతూ ఉంటుంది. ఫొటోకి బాగుంటుంది. నేనైతే వద్దంటాను.

చెట్ల సంగతి

పైవైపు చెట్లు మీ పూల్‌కి కాపలా అనుకోండి. వాటి వేళ్లే వాలు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆకులు రాలుతున్నాయని వాటిని కొట్టేసి, తర్వాత అదే చోట లక్షలు పోసి గోడ కట్టిన వాళ్లని చూశాను. కొట్టిన చెట్టు మొదలు కూడా నేలలో వదిలేయడం కాదు. పూల్ పడే చోటైతే మొదలంతా తీయాలి. వేళ్లు కుళ్లాక మట్టిలో గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి, ఊట వాటిలోంచే వస్తుంది.

అలాగని చెట్టు మొదట్లోనే తవ్వకూడదు. మొదలుకి కనీసం మూడు నాలుగు మీటర్లు వదలండి. పెద్ద చెట్టయితే ఇంకా ఎక్కువ. ఒక వైపు వేళ్లు తెగిన చెట్టు తుపాను గాలికి నిలబడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకి కూలిన చెట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. మర్రి, రావి పూల్ చుట్టుపక్కల అసలు వద్దు. గోడ సందులో రావి మొలక రెండాకులు వేయగానే పీకేయండి. నీడ కోసం కొత్తగా నాటాలంటే కింది వైపు, దూరంగా నాటండి.

తవ్వేముందు ఒక గొయ్యి, తర్వాత అసలు తవ్వకం

పూల్ వచ్చే చోట పైవైపు ఒకటి, కిందివైపు ఒకటి, 2.5 మీటర్ల లోతు దాకా జేసీబీతో గోతులు తీయించండి. మన కొండలు ఎక్కువగా ఖొండలైటు రాయి. పైన ఎర్రమట్టి, దాని కింద గ్రావెల్, ఆ కింద మెత్తబడిన రాయి కనిపిస్తుంది. పలుగు గట్టిగా తగిలే గ్రావెల్ మీద అడుగు కూర్చుంటే మంచిది. కొన్నిచోట్ల ఈ రాయి కుళ్లి తెల్లటి సుద్దలా మారి ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. ఆ పొర వాలు దిక్కుకే ఏటవాలుగా ఉంటే పని ఆపి ఇంజనీరుకి చూపించండి. గోతులు తీశాక ఊరికే పూడ్చేయకుండా కంచె కట్టి వారం ఉంచి, నీళ్లు ఊరుతున్నాయేమో చూడండి.

తవ్వకం సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి, జూన్ మొదటి వానలకి గోడలు లేచి ఉండేట్టు చూసుకోండి. మా మొదటి కాంట్రాక్టరు ఆగస్టులో మొదలుపెట్టించాడు. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలీదు.

మీటరున్నర దాటిన గోతిని నిలువుగా కోయొద్దు. మెట్లుమెట్లుగా కోయించండి, కూలీ పనివాళ్లు గోతిలో ఉన్నప్పుడు పైన మిషన్ తిరగకూడదు. గండశిల తగిలితే బ్రేకర్‌తో కొట్టించాలి. కొండవాలు మీద మందు పెట్టి పేల్చే ఆలోచనే వద్దు. అడుగులో ఒక మూల మాత్రం రాయి, మిగతాది మట్టి అయితే ఆ రాయిని ఒక అడుగు లోతు దాకా చెక్కించి, అంతటా ఒకేలా కంకర పరిపించండి. లేకపోతే ఆ రాయి అంచు మీదే అడుగు విరుగుతుంది.

గోడల బయట పని చేసే జాగాతో కలిపి 130 క్యూబిక్ మీటర్లు తవ్వాల్సి వస్తుంది. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి పెద్ద టిప్పర్లు పదహారు ట్రిప్పులు అనుకోండి. ఆ డబ్బు మిగుల్చుకుందామనే మేం చెడిపోయాం. "కిందికి తోసేద్దాం సార్, డెక్‌కి జాగా వస్తుంది" అన్నాడు కాంట్రాక్టరు. డెక్ అంటే పూల్ పక్కన నడిచే అరుగు. సరే అన్నాను. ఆ మట్టి మీద బిళ్లలు పరిచాం, దాని కిందే పైపులు వేశాం. మొదటి అక్టోబరుకే డెక్ మూడు వేళ్లు దిగింది, పైపు జాయింటు విడిపోయింది. ఆ సంగతి మాకు ఎలా తెలిసిందంటే, మే నెల ఎండలో కూడా కింది వైపు సీతాఫలం చెట్టు ఒక్కటే పచ్చగా కళకళలాడుతోంది. మా పూల్ నీళ్లు దానికి అందుతున్నాయి. కిందికి తోసిన ఆ మట్టి తడిసి తడిసి ఇంకా దిగుతోంది. మీరు మాత్రం పైపొర మంచి మట్టిని మొక్కలకి పక్కన పెట్టుకుని, మిగతాది బండెక్కించండి.

నీళ్లకి దారి

ఇక్కడ నాలుగు పనులున్నాయి. టైల్స్ ఖర్చు తగ్గించుకోండి, లైట్లు మానేయండి, వీటిలో మాత్రం ఒక్కటీ తగ్గించకండి.

మొదటిది మళ్లింపు కాలవ. పూల్‌కి పైవైపు నాలుగైదు మీటర్ల దూరంలో, వాలుకి అడ్డంగా, అడుగున్నర వెడల్పుతో సిమెంటు కాలవ. పైనుంచి దిగే వాన పూల్ దాకా రాకుండా రెండు పక్కలకి తిరిగిపోవాలి. ఆ నీళ్లు పక్కింటి వాళ్ల గోడ మీద పడకుండా వీధి కాలవ దాకా తీసుకెళ్లండి. కొండ మీద ఇరుగుపొరుగు తగాదాలు సగం ఇక్కడే మొదలవుతాయి.

రెండోది రిటైనింగ్ గోడ. పూల్ గోడ చేతే కొండని ఆపించకండి. పూల్‌కి పైవైపు మీటరు నడకదారి వదిలి, దాని వెనక వేరే గోడ కట్టండి. గోడ వెనక అడుగు మందాన కంకర, ఆ కంకరకి మట్టి పట్టకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, అడుగున చిల్లుల పైపు, గోడలో నీళ్లు బయటికి కారే చిన్న రంధ్రాలు, అంటే వీప్ హోల్స్. గోడలు పడిపోయేది ఎక్కువగా మట్టి బరువుకి కాదు, వెనక చేరిన నీళ్ల తోపుకి. మీటరు ఎత్తు నీళ్లు చేరితే గోడ అడుగున చదరపు మీటరుకి ఒక టన్ను ఒత్తిడి ఉంటుంది.

మూడోది పూల్ అడుగు కింద. తవ్విన నేల మీద గుడ్డ పరిచి, ఒక అడుగు మందాన 40 ఎంఎం కంకర పోసి, అందులో చిల్లుల పైపు పెట్టి, కింది వైపు వాలులో బయటికి తీయండి. చదును నేలలో కట్టేవాళ్లకి ఈ భాగ్యం లేదు. వాళ్లు ఊటని పంపుతో తోడుకోవాలి, మనకి కొండే తోడిపెడుతుంది. దీని అవసరం ఎంతో ఒక లెక్క చూడండి. అడుగు, గోడలు 20 సెంటీమీటర్ల మందం అయితే మన పూల్ కాంక్రీటు దాదాపు 14 క్యూబిక్ మీటర్లు, బరువు దాదాపు 35 టన్నులు. చుట్టూ ఊట అడుగు కాంక్రీటు కిందినుంచి మీటరు ఎత్తు చేరితే అది పూల్‌ని దాదాపు 37 టన్నులతో పైకి తోస్తుంది. లోపల నీళ్లుంటే ఏమీ కాదు. శుభ్రం చేద్దామని వానాకాలంలో ఖాళీ చేశారో, పూల్ పడవలా లేస్తుంది, పగులుతుంది. ఖాళీ చేసే పని ఏదైనా ఎండాకాలంలోనే.

నాలుగోది, డెక్ మీద పడ్డ వాన పూల్‌లోకి కాకుండా బయటికి పోయేలా డెక్‌కి వాటం ఇవ్వడం. మేస్త్రికి నోటితో చెప్తే చాలదు. బిళ్లలు అతికించే ముందు చెంబుతో నీళ్లు పోసి చూడండి.

స్టీలు, కాంక్రీటు

డ్రాయింగు స్ట్రక్చరల్ ఇంజనీరే ఇవ్వాలి. ఆయన్ని రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. కింది వైపు గోడ బయట మట్టి లేకుండా లోపల నిండుగా నీళ్లుంటే ఆగుతుందా? లోపల ఖాళీగా ఉండి బయట తడి మట్టి ఉంటే పైగోడ ఆగుతుందా? రెండింటికీ లెక్క వేసి ఉండాలి.

సముద్రం దగ్గర కాబట్టి ఎం30 గ్రేడు కంటే తక్కువ కాంక్రీటు వద్దు. నీళ్లు తక్కువ కలపాలి, వైబ్రేటర్ తప్పనిసరి. స్టీలుకి కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, 45 నుంచి 50 ఎంఎం ఉండాలి. రాతి ముక్కలు పెట్టనివ్వకుండా కవర్ బ్లాకులే పెట్టించండి. ఉప్పు గాలికి మన దగ్గర స్లాబుల చువ్వలే బయటపడుతుంటాయి, పూల్ సంగతి చెప్పేదేముంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాంక్రీటులో కలపొద్దు. కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్టీలు ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. ఒక సీసాడు నీళ్లు ల్యాబులో ఇస్తే చెప్తారు.

అడుగుతో పాటే గోడ మొదలు ఒక అడుగు ఎత్తు కలిపి పోయించండి. జాయింటులో నీళ్లు కారకుండా ఆపే పట్టీ, అంటే పీవీసీ వాటర్ స్టాప్ పెట్టండి. రెడీమిక్స్ లారీ మీ సందులోకి ఎక్కుతుందో లేదో ముందే చూసుకోండి. మా వీధి మలుపులో లారీ ఆగిపోయి, పంపు పైపులు అదనంగా తెప్పించేలోగా మాల్ బిగుసుకోవడం మొదలైంది. క్యూరింగు రెండు వారాలకి తగ్గకూడదు. గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి.

టైల్స్ వేయకముందే, బయట మట్టి పూడ్చకముందే, పూల్ నింపి వారం ఉంచండి. మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, లోపలా బయటా నీళ్లు ఒకే మట్టంలో ఉండేలా గుర్తు పెట్టండి. ఇరవైనాలుగు గంటల తర్వాత బకెట్‌లో తగ్గినంతే పూల్‌లోనూ తగ్గితే అది ఎండ తాగింది. పూల్‌లో ఎక్కువ తగ్గితే కారుతోంది. పైపులకి విడిగా ప్రెషర్ టెస్ట్ చేయించండి. మేం చేయించలేదు, సీతాఫలం చెట్టు చేసింది.

ఆకులు, ఫిల్టరు, నీళ్లు

నింపడానికి 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది కావాలి. కుళాయి నీళ్లు పట్టకండి, వేసవిలో వీధికంతా మీరు శత్రువవుతారు. తర్వాత ఎండాకాలంలో రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 160 లీటర్లు కలపాల్సి వస్తుంది.

ఆరుగంటల్లో నీళ్లన్నీ ఒకసారి ఫిల్టరులో తిరగాలంటే గంటకి 7,000 లీటర్లు లాగే పంపు ఉండాలి. చెట్ల కింద పూల్ కాబట్టి పైన తేలే ఆకుల్ని లాక్కునే స్కిమ్మర్లు రెండు పెట్టండి, గాలి ఆకుల్ని తోసే వైపు పెట్టండి. మధ్యాహ్నం సముద్రం గాలి ఎటు వీస్తుందో చూస్తే తెలుస్తుంది. జీడిమామిడి ఆకు అడుగున ఒక రోజు నానితే గోధుమరంగు మరక వదులుతుంది. ఆకులు కుళ్లేకొద్దీ క్లోరిన్ ఖర్చవుతుంది. వల రోజూ వేయాల్సిందే. పీహెచ్ 7.2 నుంచి 7.6, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉండాలి. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఫిల్టరు కడిగిన నీళ్లని వాలు మీదకి వదలకుండా డ్రైనేజీకి కలపండి.

అడుగున నీళ్లు లాగే రంధ్రాలు ఒకదానికొకటి మీటరు దూరంలో రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే పిల్లల జుట్టు, చెయ్యి పట్టేస్తుంది. లైట్లు 12 వోల్టులవి, పంపు లైనుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్, మంచి ఎర్తింగ్. చుట్టూ నాలుగడుగుల కంచె, తనంతట తనే మూసుకునే గేటు. అడవి అంచు కాబట్టి కప్పలు వస్తాయి, కప్పల కోసం పాములు వస్తాయి. ఒక మూల చిన్న చెక్క ఏటవాలుగా వేసి ఉంచితే పడ్డవి ఎక్కిపోతాయి. పొద్దున్న దిగేముందు స్కిమ్మర్ బుట్ట మూత కర్రతో తీయండి, చేత్తో కాదు.

మొదటి అక్టోబరు

సెప్టెంబరు చివర్లో మళ్లింపు కాలవలో ఆకులు తీయించండి. వీప్ హోల్స్‌లో ఇనుప చువ్వ పెట్టి పొడవండి. గోడ మీద సన్నటి పగులు కనిపిస్తే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీసి తేదీ రాయండి. గీత దాటి పాకితే ఇంజనీరుకి ఫోన్ చేయాలి.

పెద్ద వాన పడ్డ రాత్రి టార్చి తీసుకుని కిందికి దిగి, పూల్ అడుగు నుంచి తీసిన పైపు మూతి దగ్గర చూడండి. తేటగా సన్నగా నీళ్లు వస్తుంటే పైకొచ్చి పడుకోవచ్చు. ఎంత వానకీ చుక్క రాకపోతే ఊట లేదనుకోకండి, ముందు పైపు పూడిందేమో చూడండి. ఎర్రగా వస్తుంటే మాత్రం గుడ్డ చిరిగి లోపల మట్టి కరుగుతోందని అర్థం. పూల్ ఖాళీ చేయకండి, ఎవర్నీ దిగనివ్వకండి, తెల్లారగానే ఇంజనీరుని పిలవండి.